బట్టమేక పిట్ట ఉన్న ఊరి పేరు

నేను రాసినవాటిలో నలుగురూ మెచ్చుకున్నది ఒక్కటే ఉంది. దాన్ని ఇరవై ఏళ్లుగా ఎవరికీ చూపించలేదు. పెట్టె అడుగున, పాత పంచె మడతలో, ఆ పత్రిక ముక్క ఇప్పటికీ ఉంది. ఇల్లు మారినప్పుడల్లా పారేద్దామనుకుంటాను. చేతిలోకి తీసుకుంటాను, మొదటి పంక్తి చూస్తాను, మళ్లీ మడిచి పెడతాను. ఆ మొదటి పంక్తిలో ఉన్నది ఒక ఊరి పేరు. నేను మోస్తున్న బరువంతా ఆ ఒక్క పేరే.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్లకు చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచి, వాన గురించి మాట్లాడి ఊరుకున్నాను.

అప్పట్లో నేను ఆలూరులో ఉంటూ మద్రాసు నుంచి వచ్చే ఒక పత్రికకు వార్తలు పంపేవాణ్ని. కరువు, కలరా, జాతర, కోర్టు తీర్పు. వీటి మధ్య చోటు మిగిలితే జంతువుల గురించీ పక్షుల గురించీ నాలుగు ముక్కలు రాసేవాణ్ని. ఆశ్చర్యమేమిటంటే, కరువు వార్తకు ఒక్కరూ ఉత్తరం రాయరు, వీటికి రాస్తారు. నక్క నిజంగా తోకతో ఎండ్రకాయను పడుతుందా? ఉడుముకు విషం ఉందా? గుడ్లగూబ పగలు ఏమీ చూడలేదా? కాఫీ హోటల్లో కూర్చుంటే పక్క బల్ల దగ్గరి మనిషి, కోర్టు పని మీద వచ్చినవాడు, తన దావా సంగతి మరిచిపోయి తోడేలు గురించి అడిగేవాడు. మన మనుషులకు చుట్టూ బతికే జీవాల మీద ఇంత ఆసక్తి ఉందని నాకు తెలిసింది ఆ ఉత్తరాల వల్లే.

కమలాపురం నుంచి ఒకాయన కార్డు రాశాడు. బట్టమేక పిట్ట మేకంత ఉంటుందని ఆయన తాత చెప్పేవాడట. ఇప్పుడు వాళ్ల వైపు కనపడదట. అది నిజమా, కథా అని అడిగాడు. నేను అప్పటికి ఆ పక్షిని చూడలేదు. చూడకుండా జవాబు రాయడం నాకు చేతకాదు. అంతవరకు నా నిజాయితీకి వంక పెట్టడానికి లేదు. ఆ తర్వాతిదే చెప్పాలి.

బీరప్ప అనే గొర్రెల కాపరి నాకు సంతలో పరిచయం. నవ్వితే కళ్లు చిన్నవై మూసుకుపోతాయి ఆయనకు. అడిగితే, "చూపిస్తా రా సామీ. యాడన్నా కాళ్లు నొచ్చి కూలబడితే మాత్రం నేను మోసేది లేదు" అన్నాడు.

ఆయన నన్ను తీసుకుపోయిన ఊరు ఆలూరుకు ఎటువైపో చెప్పను. నల్లరేగడి నేల, నడుమ నడుమ గరుసు మిట్టలు. తెల్లవారకముందే నడక మొదలుపెట్టి, పొద్దు పొడిచే వేళకు ఈరన్న అనే చిన్న రైతు చేను చేరుకున్నాం. గట్టు మీద ఈరన్న కూర్చుని ఉన్నాడు. ఆయన దగ్గర కూలిపని చేసే ఎస్తేరమ్మ నిలబడి ఉంది. పెద్దావిడ. ఆ ఊరి చర్చి పక్క వీధి ఆమెది.

"ఏమప్పా, పేపరోళ్లు పిట్ట కోసరం గూడా వస్తారా? మాకు వాన రాలేదని ఎప్పుడన్నా వచ్చినారా?" అన్నాడు ఈరన్న.

"నువ్వు గమ్మునుండప్పా" అని, ఎస్తేరమ్మ నా కాళ్ల వైపు చూసింది. "చెప్పులు ఈడ్నే ఇడిసి రా సామీ. ఆ కిర్రుమనేది ఇన్నాదంటే లేచిపోతాది."

చెప్పులు విడిచి ఆమె వెనక నడిచాను. చేను మధ్యలో సాళ్లు వంకర తిరిగి ఉన్నాయి. హింగారి జొన్న, అంటే చలికాలపు పంట, విత్తిన చేను అది. ఈరన్న గొర్రు పట్టి విత్తితే సాళ్లు దారం పట్టి గీసినట్టు వస్తాయని ఊళ్లో పేరు. అంతటి మనిషి సాళ్లు చేను నడుమకు వచ్చి, ఒక మంచం పట్టేంత జాగా చుట్టూ వంగి, అవతల మళ్లీ కలిసి నేరుగా సాగిపోయాయి. ఆ జాగాలో గడ్డి దుబ్బుల మధ్య మట్టిరంగుది ఏదో ఉంది. చాలాసేపు చూస్తేగాని అది పక్షి అని తెలియలేదు. పెట్ట గుడ్డు మీద కూర్చుంది.

విత్తడానికి ముందు ఆ చేలో గుంటక తోలేటప్పుడు, ఎద్దుల ముందు నడుస్తూ పాత పంట కొయ్యకాళ్లు ఏరుతున్న ఎస్తేరమ్మ ఆ గుడ్డును చూసిందట. తడిసిన రాయి రంగులో ఒకే ఒక్క గుడ్డు. ఏడాదికి ఒకటే పెడుతుందని ఆమెకు తెలుసు. ఎద్దులు మీదికి వస్తున్నా పెట్ట పారిపోలేదు. రెక్కలు రెండూ చాచి, తోక నిక్కబెట్టి, ఎద్దులకు ఎదురుగా నిలబడింది. దాని పక్కన ఎస్తేరమ్మా నిలబడింది. ఈరన్న ఒక మాట తిట్టి, గుంటక ఎత్తి పక్కనుంచి పోయాడు. విత్తేటప్పుడు గొర్రునూ అట్లే తిప్పాడు.

"ఈరన్న తాగి గొర్రు పట్టినాడని ఊరంతా నగుతాండారు" అన్నాడు బీరప్ప.

"నగనీలే. అది ఒక్కతే కూసోనుండాది పాపం" అన్నాడు మా వెనకే వచ్చిన ఈరన్న.

"ఒక్కతే ఏమిటికి, మొగుడు ఉండాడు గదా ఆ మిట్ట మీద" అంది ఎస్తేరమ్మ. "సోకు చేసుకోడమే వాని పని. గుడ్డు కాడికి ఒక్క దినమన్నా వచ్చినాడా?"

ఆ మిట్ట వైపు తిరిగాను. ఆ తర్వాత ఎంతసేపు నిలబడ్డానో నాకు గుర్తులేదు.

ఒళ్లు మేకంత లేదు. కానీ ఎదురుగా నిలబడితే నా నడుము దాకా వచ్చేది. తెల్లటి పొడుగు మెడ, నెత్తిన నల్లటి టోపీ పెట్టినట్టు. తొందర లేని నడక. ఎండ దాని మీద పడగానే ఆగింది. మెడ ముందు చర్మం గాలితో నిండి, తెల్లటి సంచిలా వేలాడుతూ వేలాడుతూ దాదాపు కాళ్ల దాకా దిగింది. తోక వీపు మీదికి విసనకర్రలా తెరుచుకుంది. అప్పుడు ఒక మోత వచ్చింది. లోతు బావిలో బిందె మునిగేటప్పుడు వచ్చే మోత. అది చెవికి కాదు, పాదాలకు వినిపించినట్టు ఉంది. నేను చెప్పులు విడిచి ఉన్నాను గదా.

ఎన్నో చూశాను. పత్రిక పని మీద తిరిగినవాణ్ని, శ్రీశైలం అడవి దారిలో పులి అడుగు చూశాను. కానీ నా ఒంట్లో గర్వమనేది పూర్తిగా అణిగిపోయిన పొద్దు అదొక్కటే. ఆ పక్షి ముందే కాదు, ఆ ముగ్గురి ముందు కూడా. వాళ్లు దాన్ని ఏళ్ల తరబడి చూస్తున్నారు. మిడతలు తింటుందని, రేగుపండ్లు తింటుందని, నక్క దగ్గరికొస్తే పెట్ట కాలు విరిగినట్టు కుంటుతూ దాన్ని దూరంగా తీసుకుపోతుందని, అన్నీ తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పుకోలేదు. నాకే చెప్పారు.

వచ్చేటప్పుడు ఎస్తేరమ్మ గట్టు దాకా వచ్చింది. "రాసుకో సామీ, బాగా రాయి. ఊరి పేరు మాత్రం పెట్టొద్దు. పేరు లేకుంటే పిట్ట ఏమన్నా చిన్నదైపోతాదా?"

"పెట్టనమ్మా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను. దీన్ని ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నానో.

ఆ సాయంత్రం కూర్చుని రాశాను. పేరు లేకుండానే రాశాను. రాసింది చదువుకుంటే కథలా ఉంది. నాకు పని నేర్పినాయన మొదటి రోజే చెప్పాడు, ఊరి పేరు లేని వార్త పుకారు అని. అందుకే మేము కాగితం పైన మొదట ఊరి పేరూ తేదీ వేసి, ఆ తర్వాతే మొదటి వాక్యం రాస్తాం. అట్లా ఊరి పేరు వేసి ఎన్ని వందల వార్తలు పంపానో. ఇప్పుడు పైభాగం ఖాళీగా ఉంటే, కమలాపురం ఆయన దీన్ని నమ్ముతాడా? మద్రాసులో కూర్చున్నవాళ్లు, వీడు చూడకుండా అల్లాడు అనుకోరా? నేను చూశానని అందరికీ తెలియాలి. అదీ అసలు సంగతి. పక్షి ఉందని కాదు, నేను చూశానని.

పేరు వేశాను. ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతం చేయలేదు. దాని మీద గీత గీసి కొట్టేశాను. కాసేపటికి కొత్త కాగితం తీసుకుని, నా మంచి దస్తూరీతో, మళ్లీ వేశాను. ఆ ఊళ్లో పత్రిక చదివేవాళ్లు లేరు గదా అనుకున్నాను. అలవాటు కొద్దీ వేశానని చెప్పుకుందామంటే, ఆ కొట్టివేత నన్ను చెప్పుకోనివ్వదు.

అచ్చయింది. ఉత్తరాలు వచ్చాయి. పదో రోజో పన్నెండో రోజో, ఆలూరు ముసాఫరు బంగళాకు రమ్మని కబురొచ్చింది. మోటారులో నలుగురు పెద్దమనుషులు దిగారు. బల్ల మీద నేను రాసింది మడిచి పెట్టి ఉంది. అందులో ఒకాయన నా చెయ్యి పట్టుకుని, చదువుతుంటే కళ్ల ముందు కనపడిందండీ అన్నాడు. ఆ ఊరికి దారి ఎటని అడిగాడు. చూడటానికే అన్నాడు. మోటారు వెనక సీటులో పొడుగాటి తోలు సంచులు ఉన్నాయి. వాటిని చూశాను. చూసి, చూపు తిప్పుకున్నాను. వంక దాటాక ఎడమకు తిరగండి, మిట్ట కనపడుతుంది అని చెప్పాను.

మెప్పు ఇంత చౌకగా మనిషిని కొంటుందా? నన్ను కొన్నది.

వారం దాకా ఆ ఊరికి వెళ్లలేదు. వెళ్లేసరికి చేలో ఎస్తేరమ్మ, ఈరన్న ఉన్నారు. మిట్ట మీద ఏమీ లేదు. పోతుపిట్టను కాల్చి, కాళ్లు కట్టి మోటారు మీద వేసుకుని పోయారట. తుపాకీ మోతకు లేచిన పెట్ట మళ్లీ రాలేదు.

"మూడో దినం చెయ్యి పెట్టి చూసినా సామీ. గుడ్డు సల్లగుండాది" అంది ఎస్తేరమ్మ. తర్వాత నా మొహంలోకి చూసింది. "నువ్వు ఊరి పేరు రాయలేదు గదా?"

ఆమె అనుమానంతో అడగలేదు. నేను లేదంటే ఆ సంగతి అంతటితో వదిలేద్దామని అడిగింది.

"రాయలేదు" అన్నాను.

"అట్లయితే బీరప్పే" అన్నాడు ఈరన్న. "వాడే చెప్పింటాడు. ఇంగెవరికి తెలుసు?"

నేను మాట్లాడలేదు. ఎస్తేరమ్మ నేల చూసింది. ఒక్క మాట చాలు అప్పుడు. ఆ మాట నోటి దాకా రావడం కూడా గుర్తుంది. వాళ్ల కళ్లలో నా మీద ఉన్న మర్యాద ఇంకాసేపు ఉండనీ అనుకున్నాను. అంతే. అంతకు మించి కారణం ఎంత వెతికినా దొరకలేదు.

మా వైపు కోతలయ్యాక గొర్రెల మందను రాత్రిపూట చేలో నిలుపుతారు. చేనుకు ఎరువు, కాపరికి గింజలు. బీరప్ప బతుకంతా అదే. ఆ ఏడు ఆ ఊళ్లో ఒక్క రైతూ ఆయన మందను చేలోకి రానీయలేదు. పక్క ఊళ్లకూ మాట పాకింది. ఒకరోజు ఆయన ఆలూరులో మా ఇంటికి వచ్చాడు. నవ్వలేదు.

"సామీ, నా మాట ఎవరూ నమ్మరు. పేపర్లో ఏస్తే నమ్ముతారు. చెప్పింది బీరప్ప కాదని ఒక్క మాట ఏయండి. ఎవరితోనన్నా సదివిచ్చి ఇనిపిస్తా ఊర్లో."

ఎవరు చెప్పారో ఆయనకు తెలిసి అడిగాడా? ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. తెలియదనే అనుకుంటాను. తెలిసినవాడి గొంతు అంత మెత్తగా ఉండదు.

"చూస్తాలే బీరప్పా" అన్నాను. రాయలేదు. ఎండలు ముదిరాక ఆయన మందను తోలుకుని తుంగభద్ర అవతలకు పోయాడని విన్నాను. తిరిగి వచ్చినట్టు వినలేదు.

ఆ తర్వాత నేను పక్షుల గురించి రాయడం మానేశాను. పాఠకులు అడిగారు, ఎందుకు మానేశారని. పని ఎక్కువైందని చెప్పాను.

కిందటేడు, ఎవరికీ చెప్పకుండా, ఆ ఊరికి నడిచి వెళ్లాను. ఈరన్న లేడు. ఎస్తేరమ్మా లేదు. చేను ఉంది. జొన్న మొలకెత్తి ఉంది, సాళ్లు దారం పట్టి గీసినట్టు ఉన్నాయి. చేను నడుమ, మంచం పట్టేంత జాగా చుట్టూ వంగి, అవతల మళ్లీ కలిసి పోతున్నాయి. లోపల గడ్డి దుబ్బులు తప్ప ఏమీ లేదు. ఈరన్న కొడుకు గట్టు మీద ఉంటే, ఈ వంకర ఏమిటప్పా అని అడిగాను.

"మా నాయన ఇట్లే తోలేటోడు. నేనూ ఇట్లే తోలుతాండా. ఏదో పిట్ట వస్తాదంట" అన్నాడు. "నేనైతే ఎప్పుడూ చూళ్లేదు."

ఆ పిట్ట ఎట్లా ఉంటుందో చెప్పాలనిపించింది. ఎస్తేరమ్మ నాకు చూపించినంత ఓపికగా చెప్పాలనిపించింది. ఆ తెల్లటి మెడ, ఆ నడక, పాదాలకు వినిపించే ఆ మోత. చెప్పడం మొదలుపెడితే చివరిదాకా చెప్పాల్సి వస్తుంది. చెప్పులు విడిచి, ఆ జాగా దాకా నడిచి, కాసేపు నిలబడి వచ్చేశాను. కాళ్ల కింద నేల ఊరికే ఉంది.

అప్పటినుంచి ఈ కాగితం రాస్తున్నాను. ఎన్నోసార్లు చించాను. మన్నింపు అడగడానికి ఎవరూ మిగల్లేదు. మిగిలినా అడిగే ముఖం లేదు. బీరప్ప అడిగింది ఒకే ఒక్క మాట. దాన్ని అచ్చులో వేయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

చెప్పింది బీరప్ప కాదు. నేను.

ఆయన పేరు మార్చకుండా రాశాను. కాగితం పైన ఊరి పేరు వేయలేదు.