దవాఖానకు నేను పెట్టిన తప్పు

ఆ రోజుల్లో గోదావరిఖని మొత్తంలో నా నోటికి ఎదురులేదని నాకో నమ్మకం. వయసు నలభై దాటినా అదే మొదటి ఉద్యోగం కాబట్టి, ఉద్యోగినిగా నాది పసితనమే అనుకోండి. ఒక మేడమీది గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటే, ఎవరెవరివో గొంతులు వినిపించేవి. ఫోనెత్తి మాట్లాడే మిషన్‌కు తెలుగు నేర్పడానికట. సరైన మాటకు 'ఒప్పు', కానిదానికి 'తప్పు' నొక్కాలి. నేను తప్పన్నది మిషన్ చెవిన పడదు. తెలుగు ఎమ్మే చదివినదాని చేతికి అలాంటి మీట ఇవ్వొచ్చునా? "ఆసుపత్రికి వస్తాను" అంటే ఒప్పు. "దవాఖానకు వస్త" అంటే తప్పు. (ఇంట్లో నేను రోజూ అనేది రెండోదే. ఇల్లు వేరు, భాష వేరు అని నా సిద్ధాంతం.) అలా మూడు నెలలు మా ఊరివాళ్ళ నోళ్ళన్నీ నొక్కేసి, ఆ పని అయిపోగానే మరిచిపోయాను.

రెండేళ్ళకు అత్తమ్మ కంట్లో పొర వచ్చింది. కంటి డాక్టరు దగ్గర నంబరు కావాలంటే ఫోన్లో మిషన్‌కే చెప్పాలి. అత్తమ్మ ఫోను అందుకుంది.

"దవాఖానకు వస్త బిడ్డా. ఎడమ కన్ను కానస్తలేదు."

"క్షమించండి, అర్థం కాలేదు."

"ఏంది, చెవుడా నీకు?"

"క్షమించండి, అర్థం కాలేదు."

ఏడుసార్లు అయ్యాక నేను చెప్తానని చెయ్యి చాపాను. "నా కన్నుకు నువ్వు మాట్లాడుడేంది? కోడలు లేని ముసల్దాని గతేంది మరి? గా మిషన్ నా మాట ఇన్నదాక నేను దవాఖానకు పోను" అని కూర్చుంది. రెండో కన్నూ మసకబారుతోంది. చాయ్‌లో చక్కెరకు బదులు ఆమె ఉప్పు వేసిన రోజున ఇక ఆగలేక, ఆ మిషన్ ఫోను నంబరు అచ్చేసిన దవాఖాన చీటీ పట్టుకుని పెద్దపల్లిలో వకీలుగా పనిచేసే మా పెదనాన్న కొడుకు మీద పడ్డాను.

"కేసెయ్యి అన్నా! మా మాట మాటే కాదా? ఇది వివక్ష కాదా? చట్టం నిద్రపోతున్నదా?"

"చట్టం మిషన్‌ను బోనెక్కియ్యది చెల్లె. దాన్ని పెట్టినోన్ని అడుగుతది, దానికి నేర్పినోన్ని అడుగుతది. నేర్పిందెవరు?" అంటూ చీటీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న మిషన్ కంపెనీ పేరు చదివాడు.

నా హెడ్‌ఫోన్ల కంపెనీ!

"అన్నా... జెర మంచినీళ్ళు."

సంగతి విని అన్న కడుపు పట్టుకుని నవ్వాడు. "ముద్దాయిని ఎంటవెట్టుకొని వచ్చిన ఫిర్యాదుదారును నిన్నే చూసిన! ఇగ రాయి. ఏయే మాటలకు తప్పు పెట్టినవో అన్నీ రాయి."

రాశాను. మూడు పేజీలు, సంతకంతో సహా. (వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు, ఆ గర్వం మాత్రం మిగిలింది.) అది జతచేసి అన్న నోటీసు పంపాక డాక్టరుగారు ఫోను దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టారు. అత్తమ్మ అక్షరం మార్చకుండా అదే మాట అంది. అవతలి పిల్ల "రా అవ్వా, బేస్తారం రా" అని గురువారానికి నంబరు రాసుకుంది.

ఆపరేషన్ అయ్యి కట్టు విప్పినరోజు అత్తమ్మ నన్ను తేరిపార చూసింది. "గిట్ల ముసల్దానివైనవేంది పిల్లా!"

తప్పు నొక్కడానికి వేలు లేచింది. ఎదురుగా గోడకున్న అద్దంలోకి చూసుకుని, నవ్వుకుని, దించేశాను.