తుప్పు లేని గుండు

శిక్షణ కేంద్రంలో ఆమెను అందరూ బొమ్మల టీచరనే పిలిచేవారు. అంతకుముందు పదకొండేళ్లు పొలాల్లోనూ ఇళ్ల పునాదుల్లోనూ బయటపడే పాత యుద్ధం నాటి గుండ్లను పేలకుండా చేసే పనిలో ఉండేది. ఒక వానాకాలపు ఉదయం గుండొకటి పేలి కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. కూర్చుని ఏడ్చే రకం కాదామె. ఎడమచేత్తో గీయడం నేర్చుకుంది, కంప్యూటరు నేర్చుకుంది. గుండు కడుపులో ఏముంటుందో, ఏది ఎలా కదులుతుందో ఆ పనికి కొత్తగా వచ్చేవాళ్లకి యానిమేషన్‌లో చూపించే ఉద్యోగంలో చేరింది.

"మళ్లీ వాటి జోలికేనా?" అని అక్క తల బాదుకుంది. "చెయ్యి కాలితే ఎవరికైనా బుద్ధొస్తుంది. నీకు పంతం వచ్చిందే!"

"నా చెయ్యి ఎందుకు పోయిందో నాకు తెలుసక్కా. వెనకొచ్చేవాళ్లకి తెలియొద్దూ?"

ఆమె వేళ్లు తీసింది తుప్పు. కొత్త గుండులో దాన్ని పేల్చే సూదికి అడ్డంగా ఒక పిన్ను ఉంటుంది. డెబ్బై ఏళ్లు మట్టిలో నానిన గుండులో ఆ పిన్ను ఉందో, కరిగిపోయిందో, సూది దేన్ని పట్టుకుని ఆగిందో దేవుడికే ఎరుక. అందుకని ఏడాదిపాటు కూర్చుని ప్రతి బొమ్మనూ రెండుసార్లు చేసింది: ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటిదొకటి, మట్టిలోంచి తీసినప్పటిదొకటి. రెండోదాంట్లో సూది కదిలీ కదలనట్టు ఉండి, ఉన్నట్టుండి ఉరికేది.

కేంద్రం పెద్దసారు చూసి మొహం చిట్లించాడు. "ఏంటమ్మా ఈ మట్టిముద్ద? చూడటానికి పైనుంచి పెద్దలొస్తారు. శుభ్రంగా, మెరుస్తూ ఉండాలి."

"మెరిసే గుండు పొలంలో దొరకదు సార్."

"పొలం సంగతి పొలంలో నేర్చుకుంటారులే."

సినిమాలోంచి ఆ తుప్పు బొమ్మలన్నీ తీసేశారు. తీయొద్దని ఆమె పెద్దసారుకు కాగితం రాసిచ్చింది. మరొకటి రాసింది. మూడోదానికి పెద్దసారు నవ్వుతూనే అన్నాడు, "బొమ్మలు గీసేవాళ్లకి ఊళ్లో కరువేం లేదమ్మా."

రెండు వేళ్ల చేతికి ఇంకెవరు పనిస్తారు? ఆమె నోరు కుట్టేసుకుంది. క్లాసులో లైట్లు ఆర్పి, తెరమీద వెండిలా మెరిసే గుండును తిప్పి చూపిస్తూ పోయింది. ఒకరోజు ముందు బెంచీలోని పొడుగమ్మాయి చెయ్యెత్తింది.

"టీచర్, నిజంగా ఇంత మెత్తగా కదులుతుందా?"

"దాదాపు" అంది టీచరు.

నాలుగు నెలలకు ఇటుకబట్టీ వెనక దొరికిన గుండు పొడుగమ్మాయి కళ్లు రెండూ తీసుకుంది.

విచారణ జరిగింది. సినిమా చివర ఉన్నది ఒక్క పేరే, టీచరుది. ఆమె రాసిన కాగితాలు ఫైల్లో లేవు. పెద్దసారుకు అవి గుర్తు కూడా లేవు. తప్పంతా బొమ్మ చేసినవాళ్లదని తేల్చి, ఆమెకు మందలింపు కాగితం చేతిలో పెట్టారు.

ఆ వారమే ఆమె పొడుగమ్మాయి ఇంటికి వెళ్లింది. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని బఠాణీలు వలుస్తోంది. పక్కన కూర్చుని టీచరు అంతా చెప్పుకొచ్చింది. పొడుగమ్మాయి చేతులు ఆగలేదు.

"మూడుసార్లు రాశారంటే నమ్ముతాను టీచర్. మీరు అబద్ధమాడే మనిషి కాదు. కానీ రాసింది వాళ్లకి కదా. మాకు ఒక్కసారి నోటితో చెప్పొచ్చుగా. క్లాసు తలుపు మూసే ఉండేది. చీకట్లో ఎవరు చూడొచ్చారు?"

గిన్నెలోంచి జారిన గింజను టీచరు తీయబోతే, "ఉంచండి, నేను వెతుక్కుంటాను" అంది ఆ పిల్ల.

ఇంటికొచ్చాక అక్క అడిగింది, "ఏమందే?"

"ఉన్నమాటే అంది."

సోమవారం కొత్త బ్యాచి వచ్చింది. టీచరు సినిమా వెయ్యలేదు. రెండు వేళ్ల చెయ్యి బల్లమీద పెట్టి, గంటసేపు తుప్పు గురించే చెప్పింది. సాయంత్రానికల్లా ఆమెను స్టోరు రూముకి మార్చారు. అక్కడ ఇప్పుడు కుర్చీలు, హెల్మెట్లు లెక్కపెడుతోంది. పక్క గదిలో ఆ సినిమాను వేరొకరు చూపిస్తున్నారు.