గాలి మిషన్‌కు కట్టిన చీర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు అది ఒక ముసలావిడ మీద విరుచుకుపడింది.

గాలిలో దుమ్ము కొలవడం నా ఉద్యోగం. మాది జనగామ. మిషన్ వెంట మహబూబాబాద్, భూపాలపల్లి తిరుగుతుంటాను. ఈసారి మహబూబాబాద్ అవతల, తవుడు నూనె శుద్ధి చేసే రిఫైనరీ పక్క ఊరు. బాయిలర్‌లో ఊక కాలి, బూడిద ఇళ్ల మీద పడుతోందని జనం మొత్తుకోగా మొత్తుకోగా అధికారులు ఒక్క రోజు కొలతకు ఒప్పుకున్నారు. రిఫైనరీ గోడను ఆనుకున్న ఇల్లు ఆ అవ్వది. ఆమెకు ఏడాది పొడుగునా దగ్గే. కొలతలో బూడిద తేలితేనే వాళ్ల ఫిర్యాదు నిలుస్తుంది, లేకపోతే అంతే సంగతులు.

పొద్దున్నే అవ్వ డాబా మీద మిషన్ పెట్టి, తూకం వేసిన తెల్ల కాగితం బిగించాను. ఎనిమిది గంటలు అది గాలి పీల్చాలి, నేను పక్కనే ఉండాలి. మధ్యాహ్నానికి కడుపులో ఎలుకలు పరుగెత్తాయి. "జర సూస్తుండవ్వా" అని చెప్పి, తినడానికి రైల్వే స్టేషన్ దగ్గరికి పోయాను.

తిరిగొచ్చి మెట్లెక్కి చూశాను. మిషన్‌కు నిలువునా చీర చుట్టి, తాడుతో కట్టేసి ఉంది. లోపల మోటారు గుర్రుమంటోంది. కొలత మొత్తం చెడిపోయింది.

"ఏం పనవ్వా ఇది! ఎవరు కప్పమన్నరు నిన్ను?" అని అరిచాను.

ఆమె బిత్తరపోయింది. "సూస్తుండమంటివి గద బిడ్డా. బూడిద పడ్తాంది. మిషిన్ ఖరాబైతదని కప్పిన."

అప్పుడు గానీ నేను ఆ ఇల్లు సరిగ్గా చూడలేదు. కింద వాకిట్లో నీళ్ల బిందె మీద గుడ్డ, మంచం మీద గుడ్డ, అన్నం గిన్నె మూత మీద కూడా గుడ్డే. అక్కడ దేన్నైనా కాపాడటమంటే కప్పడమే. చూస్తుండమన్నది నేను, వదిలేసి పోయింది నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

మా మేనేజర్‌కు ఫోన్ చేసి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. మిషన్ మర్నాడు భూపాలపల్లి పోవాల్సి ఉంది. ఆయన తిట్టాల్సినవన్నీ తిట్టి, "రేపొక్క రోజే. మళ్ల ఖరాబ్ చేసినవనుకో, ఇగ ఇంటికాడనే కూసో" అన్నాడు.

మర్నాడు నేను డాబా దిగితే ఒట్టు. కరెంటు పోతే? గాలి అటు మళ్లితే? గంట గంటా గండమే. అవ్వ నా పక్కనే కూర్చుంది. దగ్గు వచ్చినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిందికి దిగి, అక్కడ దగ్గి, మళ్లీ ఆయాసపడుతూ ఎక్కి వచ్చేది. నాలుగోసారి ఆపాను.

"ఎందుకవ్వా ఈ దిగుడు ఎక్కుడు?"

"నా దగ్గు మిషిన్ల పడి మళ్ల లెక్క తప్పుతదేమోనని."

"దగ్గు దీనికి తెల్వదవ్వా. ఈడనే కూసో."

ఎనిమిది గంటలూ గడిచాక తీసి చూస్తే కాగితం బూడిద రంగుకు తిరిగింది. హమ్మయ్య అనుకున్నాను. కవర్లో పెట్టి, సీలు వేసి, ఫారం నింపి, "ఇగ లెక్క దొరికిందవ్వా" అన్నాను.

ఆమె ఫారం వైపు చూసింది. "మిషిన్‌కు తెల్వదంటివి. నా దగ్గు నువ్వన్న రాసినవా బిడ్డా?"

నేను రాయలేదు.