దీపాల గది కాగితం

మొన్న ఆదివారం బాబుపేట్‌లోని మా ఇంట్లో, నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి ఫోన్ పట్టుకుని నా పక్కన చేరింది. పెద్ద పేరున్న మేనేజ్‌మెంట్ కాలేజీల్లో తనకు సీటు దొరికే ఆశ ఏమాత్రం ఉందో, మార్కులూ ఉద్యోగమూ అన్నీ రాసి ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్లను అడుగుతోందట, వాళ్లూ ఓపిగ్గా జవాబులిస్తున్నారట. మా రోజుల్లో ఈ జోస్యులు లేకపోయిరే అని నేను ఆటపట్టించబోతుంటే, అది తల ఎత్తకుండానే, "దరఖాస్తుల నర్సు అని రాస్తే నవ్వుతరేమో బాపూ, ఆ ముచ్చట తీసేయాల్నా?" అంది. దాని వయసులో నన్నూ ఇదే భయం పట్టుకుంది.

దేశం విదేశీ కంపెనీలకు తలుపులు తెరిచిందని పేపర్లన్నీ రాస్తున్న రోజులవి. మాది కోర్పనా దగ్గర పత్తి పండించుకునే పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఇంగ్లీషంటారా, డిక్షనరీతో కుస్తీ పట్టడమే. బీయే అయిపోయి ఊరికే తిరుగుతున్న నన్ను, మా నాన్నగారి అన్న, అంటే మా పెద్దబాపు, తాను కూలీల మీద సర్దారుగా ఉన్న బొగ్గు గనిలో దీపాల గదిలో పెట్టించాడు. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ల మా కిటికీలో ఇచ్చి టోపీ దీపం తీసుకోవాలి, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుపోవాలి. మేం కొక్కానికి తగిలించిన బిళ్ల అలాగే మిగిలిందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. మిగతా పొద్దంతా దీపాల బ్యాటరీలతోనే సరిపోయేది. యాసిడ్ చుక్కలు పడి నా చొక్కాలన్నీ చిల్లులు, వేళ్ల నిండా తెల్లటి మచ్చలు.

ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీ వైపు కార్లలో వచ్చిపోయే మేనేజర్లను చూసి చూసి నాకూ ఆ పిచ్చి పట్టుకుంది. మేనేజ్‌మెంట్ కాలేజీ రాత పరీక్ష నాగపూర్ వెళ్లి రాశాను, ఎలా గట్టెక్కానో ఇప్పటికీ తెలియదు గానీ, ఇంటర్వ్యూకి బొంబాయి రమ్మని కవరు వచ్చింది. ఇక దీపాల గది కిటికీ దగ్గరికి వచ్చిన ప్రతివాడూ నాకు సీటు వస్తుందో రాదో తేల్చేవాడే. అందరికంటే పెద్దబాపు హడావుడి ఎక్కువ. పనిచేసిన చోటు నుంచి అనుభవ పత్రం తెమ్మన్నారని నేను నోరు జారానో లేదో, ఆయన వరసగా మూడు రోజులు డ్యూటీ దిగగానే మేనేజరు ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని రాయించుకుని, మసి అంటకుండా తువ్వాలులో చుట్టి తెచ్చిచ్చాడు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితంలో ఏముందో ఆయనకు తెలియదు.

నేను మొదటి వరుస మాత్రం చదివాను. దీపాల గది సహాయకుడు అని ఉంది. ఆపైన చదవబుద్ధి కాలేదు. బొంబాయిలో పెద్ద కాలేజీల పిల్లల పక్కన ఈ మాట పట్టుకుని కూర్చోవడమా అని సిగ్గుతో చచ్చిపోయాను. దాన్ని ట్రంకు పెట్టె అడుగున పడేసి, కోర్పనాలో పత్తి వ్యాపారం చేసే మేనమామ దగ్గర అసిస్టెంట్ మేనేజరుగా ఉన్నట్టు ఇంకో కాగితం రాయించుకున్నాను. మేనల్లుడు అడిగిందే భాగ్యమని మామ సంతకం గీకేశాడు.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. దూది నాణ్యం ఎలా తేలుస్తారు, బేళ్లు ఎక్కడికి పంపుతారు అని ఒకదాని తర్వాత ఒకటి అడిగారు. పత్తి ఏరడం తప్ప అమ్మడం ఎరగని నేను నీళ్లు నమిలాను. చివరికి వారిలో పెద్దావిడ, నన్ను ఎలాగైనా ఒడ్డున పడేద్దామనుకున్నట్టుంది, ఆ చేతుల మీద మచ్చలేమిటని మెల్లగా అడిగింది. చేతులు బల్ల కిందికి లాక్కుని, చిన్నప్పుడు కాలాయని చెప్పాను. ఆవిడ నా కాగితాలు మూసి పక్కన పెట్టింది.

తిరిగి వచ్చి డ్యూటీలో చేరిన రోజు, పెద్దబాపు కిటికీ దగ్గర దీపం తీసుకుంటూ, "కాగితం చూసిండ్రా బిడ్డా?" అని అడిగాడు. చూసిండ్రు పెద్దబాపూ అన్నాను. "గట్లయితే మన గని పేరు బొంబాయి దాకా పోయినట్టే," అంటూ టోపీ సర్దుకుని దిగిపోయాడు.

సీటు రాలేదని ఉత్తరం వచ్చినప్పుడు నాకంటే ఆయనే ఎక్కువ కుంగిపోయాడు. బొగ్గు పేరు చూసే పిల్లగాణ్ణి వద్దన్నారని, తాను ఆ కాగితం తేకుంటే వచ్చి ఉండేదని కనబడ్డవాళ్లందరితో చెప్పుకుని బాధపడేవాడు. ఒక్క మాటతో ఆయన గుండె బరువు దించగలిగి ఉండీ నేను నోరు విప్పలేదు. రేపు చెబుదాం, మాపు చెబుదాం అనుకుంటూ ఏళ్లు గడిపాను. ఆయన ఆ నమ్మకంతోనే పోయాడు.

కర్మకాండలయ్యాక పెట్టె సర్దుతూ, ఆ కాగితం మొదటిసారి పూర్తిగా చదివాను. ఒకనాటి సాయంత్రం షిఫ్టు దిగాక కొక్కానికి ఒక బిళ్ల మిగిలితే, ఆ మనిషి దీపం ఇంటికి పట్టుకుపోయి ఉంటాడులే, గది మూసెయ్యమని పైవాళ్లు చెప్పినా వినకుండా, ఈ కుర్రవాడు మనుషులను కిందికి పంపేదాకా పట్టు వదల్లేదని, కాలు విరిగి పడి ఉన్న ఒక కార్మికుడు అందువల్లనే బతికాడని మేనేజరు రాశాడు. నేనైతే దాన్ని చెప్పుకోదగిన పనే అనుకోలేదు. బిళ్ల ఉంటే గది మూయకూడదు, అంతే.

ఆ ఆదివారం పెట్టె తెరిచి కాగితాన్ని మా అమ్మాయి చేతికిచ్చాను. రెండుసార్లు చదివింది. ఇప్పుడు కాలేజీల వాళ్లు ఇటువంటి బతుకుల గురించే ఏరి కోరి అడుగుతున్నారట, అదే చెప్పింది. ఫోన్ తీసి దరఖాస్తు మొదటి వరుసలోనే నర్సు అని రాసుకుంది. దానికి సీటు రావాలని ఉంది, వస్తుందనీ ఉంది. ఆ గని మూతపడి చాలా కాలమైంది, దీపాల గదికి ఇప్పుడు పైకప్పు కూడా లేదు, నా వేళ్ల మీది మచ్చలు వెతికితే గానీ కనిపించవు. ఆ కాగితాన్ని బొంబాయిలో ఎవరూ చూడనే లేదని పెద్దబాపుకు చెప్పే దారి మాత్రం నాకిక లేదు.