రెండు సీసాల్లో ఒకటి

మా తమ్ముడి భార్య పోయింది. రంగూన్‌లో, అహ్లోన్ పేటలో మా ఇంట్లోనే, తెల్లవారుతుండగా, నిద్రలో. తమ్ముడు పోయాక కూడా ఆమె మాతోనే ఉండిపోయింది. ఎరిగినవాళ్ళలో చాలామందికి ఫోన్లు కలవలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఆమె ఇక్కడే ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. జబ్బు మనిషి రక్తంలోంచి కణాలు తీసి, పెంచి, తిరిగి ఆ మనిషికే ఎక్కించే చోటు అది. పెరిగిన కణాల్లో సూక్ష్మజీవులు చేరాయేమో చూడటం ఆమె పని. కణాల సంచిలోంచి కొంచెం తీసి, ఆ జీవులకు మేతలాంటి ద్రవం ఉన్న రెండు సీసాల్లో వేసి వెచ్చగా ఉంచేది. సీసా మసకబారితే చెడినట్టు.

ఇంట్లోనూ అంతే. గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూడందే మంచినీళ్ళు తాగేది కాదు.

"నీళ్ళకేటయిందమ్మా?" అంటే తల వంచుకుని నవ్వేది. "ఏటీ అవలేదు బావగారూ. కనబడలేదంటే లేదని కాదు, ఇంకా కనబడలేదని."

సైన్యం గద్దెనెక్కిందని ఊరంతా వీధుల్లోకి వచ్చిన ఏడాది అది. సాయంత్రమైతే జనం గిన్నెలు మోగించేవారు. విమానాలు ఆగిపోయాయి. తొందరగా తేల్చే పరీక్షకు కావలసిన మందులు రాలేదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఆ సీసాలూ, ఆమె కళ్ళూ మిగిలాయి.

అప్పుడే చిమిండైంగ్ బజారులో చేపలమ్మే మన తెలుగామె కూతురికి కణాలు సిద్ధమయ్యాయి. ఎక్కించాల్సిన పొద్దున ఒక సీసా మసకబారింది. రెండోది తేటగా ఉంది. మరదలు ఆపమంది. డాక్టరూ సరేనన్నాడు. మళ్ళీ పెంచడానికి సరుకు లేదు. పిల్ల నిలవలేదు.

మరదలికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి నేనూ ఆ ఆసుపత్రి వరండాలో ఉన్నాను. పిల్ల తల్లి మరదల్ని అడిగింది. "రెండో సీసా బాగానే ఉందంట కదే! దాని మాటెందుకు ఇన్లేదు?"

"ఆ మురికి సంచిలోదో, కరెంటు పోయినప్పుడు నా చేతిలోంచి పడిందో నాకు తెలీదమ్మా. తెలీకుండా ఎలా ఎక్కించమంటాను?"

"తెలీకుండానే సంపేసినావు."

తర్వాత మరదలు వారం వారం ఆమె దగ్గరికే చేపలకు వెళ్ళేది. ఖాళీ బుట్టతో తిరిగొచ్చేది.

"చేపల్లేవేటమ్మా?"

"ఉన్నాయి బావగారూ. నాకే లేవు."

వేరేచోట కొనుక్కోమన్నాను. "ఆవిడ నాలుగు తిట్టినా బాగుణ్ణు, మాటాడదు" అంది. బియ్యం ఏరుతూ ఒకసారి, "నా చెయ్యే అయ్యుంటుందా?" అని అడిగింది. నేనూ పక్కన కూర్చుని ఏరాను.

మొన్న శవం లేచే ముందు వానలో ఆ పిల్ల తల్లి వచ్చింది. చెప్పులు బయట విడిచింది. లోపలికి రాలేదు, వెళ్ళనూ లేదు.

"రా అమ్మా" అన్నాను.

"ఇక్కడుంతాను బాబూ. ఆ ముకం సూడ్లేను."

పాడె లేచాక వీధి చివరిదాకా ఒట్టికాళ్ళతో వెనకే నడిచింది. తర్వాత కనబడలేదు. మేం కాటినుంచి తిరిగొచ్చేసరికి ఆమె చెప్పులు గుమ్మం ముందే ఉన్నాయి, వాన నీళ్ళు పట్టి.