మా అంటే గుర్రం

నా కింది దవడల ఎడమ దిక్కున్న మూడో పన్ను మీద వేలు పెట్టి ప్రమాణం చేస్తున్న: ఇక్కడ రాసేదంతా నిజం. ఒక్క అక్షరం కూడ అబద్ధం లేదు. దేవుని మీద ఎందుకు ఒట్టు పెట్టలేదని మీకు అనుమానం రావచ్చు. దేవునికి నా సంగతి మొదటి నుంచి తెలుసు. ఆ పన్నుకు తెలవదు. అది మొన్న మొన్ననే వచ్చింది, పింగాణిది, కొత్త మనిషి లెక్క నేను ఏది చెప్తే అది నమ్ముతది.

ఇంత గట్టిగ ఒట్టు పెట్టుడు ఎందుకంటే నా పని అటువంటిది. ఖిలా వరంగల్‌ల టూరిస్టులకు రాళ్ళు చూపిచ్చి, కథలు చెప్పి బతుకుత. కథ లేని రాయి కనబడితే నా మనసొప్పది, నేనే ఒకటి కడ్త. తొండం విరిగిన ఏనుగు బొమ్మ ఒకటున్నది. ఆ తొండం ఎట్ల విరిగిందో స్కూలు పిల్లలకు ఒక తీరు చెప్త, కొత్తగ పెండ్లైనోళ్ళకు ఇంకో తీరు, రిటైరైన ఇంజినీర్లకు మరో తీరు. మా ఇంటామె అయితే, "నువ్వు కూరగాయలకు పోయొచ్చిన అంటె కూడ నమ్మ, ముందుగాల సంచి చూపియ్యి" అంటది.

సరే, అసలు ముచ్చటకొస్త. మా ఊర్ల ఒక చీనా పండ్ల డాక్టరున్నడు. పండ్లంటే బుట్టల పండ్లు కావు, నోట్ల పండ్లు. ఆయన తాత చీనా నుంచి కలకత్తకొచ్చి, అక్కడ రైలెక్కి వరంగల్‌ల దిగిండు. ఇక్కడనే ఎందుకు దిగిండంటే, టికెట్ ఇక్కడి దాకనే ఉండెనని కొందరంటరు. పక్క సీటాయనకు పన్ను నొప్పి లేస్తే పీకిండని, పీకిచ్చుకున్నాయన చెయ్యి పట్టుకొని ఇంటికి తోలుకపోయిండని ఇంకొందరంటరు. ఆ ఇంకొందరంటే నేనే.

తాత పోయిండు, తండ్రి పోయిండు, ఇప్పుడు మూడో తరం. డాక్టరుకు తెలుగు నాకంటె మంచిగొస్తది. రాని గుణం ఒక్కటే, అబద్ధమాడుడు. ఇరవై ఏండ్ల నుంచి దోస్తులం, నేను ఎంత నేర్పిచ్చినా రాలే.

ఆయన ఇంటిపేరు మా. చీనోళ్ళకు కూడ మన లెక్కనే ఇంటిపేరు ముందట, సొంత పేరు వెనుక. అదొక్కటి కలిసింది గని, ఆ పేరుతోని ఆయన పడ్డ తిప్పలు ఒకటా రెండా. ఆధార్ కార్డుకు పోయిననాడు నేను పక్కనే ఉన్న.

"ఇంటిపేరు?" అన్నది కంప్యూటర్ ముందటి పిల్ల.

"మా."

"మీదే సార్, చెప్పున్రి."

"అదే అమ్మా, మా."

"మీ ఇంటిపేరే అడుగుతాన సార్."

"మా ఇంటిపేరు మా."

ఆ పిల్ల జర సేపు ఆయన మొఖం చూసి, పాపం పెద్దాయన అనుకొని, ఏదో కొట్టింది. కార్డు వచ్చినంక చూస్తే ఇంటిపేరు 'మీ' అని పడ్డది.

దవాఖాన బోర్డు మీద 'మా పండ్ల దవాఖాన' అని ఉంటది. రోడ్డు మీద పోయేటోళ్ళు "మాదెప్పుడైందిర ఇది" అని లోపటికొచ్చి చూస్తరు. వచ్చినోళ్ళల్ల సగం మందికి ఏదో ఒక పన్ను పుచ్చే ఉంటది.

ఈ డాక్టరుకు ఒక్కతే బిడ్డ. ఆమె కూడ పండ్ల డాక్టరే, తండ్రి పక్కనే పని చేస్తది, నన్ను చాచా అంటది. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఊరి పిల్లగాడు ఒకడు, కేసముద్రం మార్కెట్ యార్డుల పత్తి తేమ చూసే ఉద్యోగస్తుడు, దవడ నొప్పని వచ్చిండు. దవడ ఒక్క వారంల తగ్గింది. పిల్లగాడు మాత్రం ఆరు నెలలు వచ్చుకుంటనే ఉన్నడు. సంగతి అర్థమై, నడుమ పెద్దమనిషి లెక్క నేను నిలబడి, రెండు దిక్కుల మాట కలిపిన. పిల్లగాని అమ్మా నాయిన సరేనన్నరు. అయితే వాళ్ళింట్ల ఆఖరి మాట నాయినమ్మది. ఘన్‌పూర్ చుట్టుముట్టు ఏ ఇంటిపేరోళ్ళు ఏ ఇంటిపేరోళ్ళకు ఏమైతరో ఆ అవ్వకు నోటికొచ్చు.

చూపులకు ఆదివారం వచ్చిన్రు. పైన ఇంట్ల జాగ చాలక కింద దవాఖానల్నే కూసున్నరు. అవ్వకు ఏ కుర్చీ నచ్చలే. పేషెంట్లు పండుకునే పెద్ద కుర్చీ చూసి, "గిది మంచిగున్నది" అని ఎక్కి వెనుకకు ఒరిగింది. నెత్తి మీద లైటు. మేమందరం చుట్టూ నిలబడ్డం, దర్బారు లెక్క.

"చీనా అయితేంది, చీరాల అయితేంది," అన్నది అవ్వ. "పిల్ల మర్యాదగ మాట్లాడ్తాంది, పండ్లు తెల్లగున్నయి. ఇంటిపేరు ఒక్కటి చెప్పున్రి, మాట ఖాయం చేసుకుందాం."

"మా," అన్నడు డాక్టరు.

"మీదేనయ్యా. మాది నాకు తెల్వదా."

"అది కాదవ్వా, ఇంటిపేరే మా."

"ఎవలది?"

"మాదే."

ఇట్ల తెల్లారేటట్టున్నదని నేను నడుమ దూరిన. దూరకుంటే మంచిగుండు. కని ముప్పై మందికి ముందట నిలబడి రాళ్ళ గురించి చెప్పి చెప్పి నా నోటికి ఆగుడు అలవాటు తప్పింది. "అవ్వా," అన్న, "మా అంటే చీనా భాషల గుర్రం. గొంతు జర కిందికి దించి మీదికి లేపాలె. సమంగ అంటే అమ్మ అయితది, దించి లేపితే గుర్రం." ఆ మాట నిజమే. డాక్టరే నాకు చెప్పిండు.

అవ్వ లేచి కూసుండబోయింది. కాలు పెడల్ మీద పడి కుర్చీ ఇంకింత పైకి లేచింది. అంత ఎత్తు మీదికెల్లి నన్ను చూసి, "గుర్రమా?" అన్నది.

అప్పుడు యాదికొచ్చింది. పిల్లగాని ఇంటిపేరు కూడ గుర్రమే.

"గుర్రపోళ్ళు గుర్రపోళ్ళను ఎట్ల చేసుకుంటరు కొడుకా?" అన్నది అవ్వ, కోపంగ కాదు, నేను తెల్వక కుదిర్చిననేమో అన్నట్టు. "ఇంటిపేరు ఒక్కటైతే అన్నా చెల్లె అయితరు గద."

నేను డాక్టరు దిక్కు చూసిన. ఆయన ఒక్క అబద్ధం ఆడితే అయిపోతుండె. ఆయన తలకాయ ఊపుకుంట, "మా చీనోళ్ళల్ల కూడ అంతే అవ్వా," అన్నడు. "ఇంటిపేరు ఒక్కటైతే ఎంత దూరపోళ్ళయినా తోడబుట్టినోళ్ళ కిందనే లెక్క. మా తాత ఎప్పుడూ చెప్పేటోడు."

పెండ్లిళ్ళు చెడంగ నేను మస్తు చూసిన. రెండు దిక్కులోళ్ళకు ఇంత మంచిగ మాట కలిసి చెడింది ఇదొక్కటే.

అవ్వ ఇంక ఆగలే. వాళ్ళ మామ తాతకు ఒక తమ్ముడు ఉండెనట. ఒక పండుగ నాడు మాంసం కూరల తునకలన్ని అన్నకు పడి, తనకు బొక్కలే పడ్డయని అలిగి, ఇంట్ల ఉన్న ఒక్క గుర్రాన్ని ఎక్కి పోయిండట. ఇంటిపేరు గుర్రమని ఉన్నందుకు ఆ ఇంట్ల ఉన్నది అదొక్కటే గుర్రం. మళ్ళ రాలే, ఆయన రాలే, గుర్రం రాలే.

"తూర్పు దిక్కు పోయిండన్నరు," అన్నది అవ్వ. "చీనా యే దిక్కున్నదయ్యా?"

"తూర్పు దిక్కే అవ్వా," అన్నడు ఆ సత్యసంధుడు.

అవ్వ ఆయన గదుమ పట్టుకొని లైటు దిక్కు తిప్పి చూసింది. "ముక్కు అచ్చం మా మామదే," అన్నది, కండ్లల్ల నీళ్ళు పెట్టుకొని. "ఎన్నేండ్లకు ఇల్లు చేరిన్రు కొడుకా." కోడలికని తెచ్చిన చీరను మనుమరాలికని పెట్టింది. మనుమన్ని పిలిచి, "చెల్లెకు నమస్తే పెట్టురా" అన్నది. పత్తిల తేమ చూసే పిల్లగాని కండ్లల్ల ఎంత తేమున్నదో ఆనాడు చూసే మిషను ఎవల దగ్గరా లేదు.

మర్నాడు డాక్టరు బిడ్డ నన్ను పిలిచి అదే కుర్చీల కూసోబెట్టింది. పన్ను చూస్త అన్నది. నోట్ల రెండు దిక్కుల దూది పెట్టింది.

"చాచా, నోరు మంచిగ తెరువు. నిన్న తెరిచినవ్ గదా, అంత."

"ఊ," అన్న. అంతకంటె రాలే.

"రాఖీ పున్నం ఇంక ఇరవై రోజులున్నది. అవ్వ ఫోన్ చేసింది. నేను ఊరికి పోయి ఆయనకు రాఖీ కట్టాలెనట. దారం కూడ ఆమెనే కొన్నదట, పెద్దది, మెరుపులది. ఒక్కసారి కట్టిన్ననుకో, ఇంక ఎవలు చెప్పినా అయ్యేది కాదు." చేతుల మిషను గిర్రున తిప్పింది. "నువ్వే చెడగొట్టినవ్. రాఖీ లోపల మమ్మల్ని అన్నాచెల్లెండ్లు కాకుండ నువ్వే చెయ్యాలె."

"ఊ ఊ," అన్న. మాటిచ్చినట్టే అయింది.

మొదలు నాకు తెలిసిన పని చేసిన, అబద్ధమాడిన. ఊరికి పోయి, "అవ్వా, గొంతు తప్పు లేపిన, మా అంటే గుర్రం కాదు, అమ్మ" అన్న. అవ్వ నా ముందటనే డాక్టరుకు ఫోన్ కొట్టింది. "కొడుకా, నీ ఇంటిపేరు గుర్రమా, అమ్మనా?" ఆయన ఏమన్నడో మీకు చెప్పనక్కరలేదు. అవ్వ ఫోన్ పెట్టి, నాకు చాయ్ పోసి, "అబద్ధమాడితె పండ్లు ఊడుతయి, నీకు ఇదివరకే ఒకటి ఊడినట్టున్నది" అన్నది.

అబద్ధం పనిచెయ్యకపోయేసరికి నిజం దిక్కు పోవాల్సొచ్చింది. నాకు అలవాటు లేని తొవ్వ. డాక్టరును పట్టుకొని, మీ వంశం ఏడికెల్లొచ్చింది, ఎట్లొచ్చింది అని అడిగిన. ఆయనకు కలకత్త దాకనే తెలుసు. అంతకు ముందటిదంతా ఒక పుస్తకంల రాసుంటదట, తరం తరం పేర్లు, ఏ ఊరికెల్లి ఏ ఊరికి పోయిందీ అన్నీ. ఆ పుస్తకం కలకత్తల వాళ్ళక్క దగ్గరున్నది. చీనా అక్షరాలు వచ్చినామె ఆ ఇంట్ల ఆమె ఒక్కతే.

అవ్వను పిలిపిచ్చినం. పైన ఇంట్ల కూసొని వీడియో కాల్ పెట్టినం. కలకత్త అక్కకు తెలుగు రాదు, హిందీ వచ్చు. అవ్వకు హిందీ రాదు. "నాకు ఎవలు చెప్తరు?" అన్నది అవ్వ. డాక్టరు చెప్త అంటే ఒప్పలే. "ఇంటోళ్ళ సాక్ష్యం చెల్లది. ఈ అబద్ధాలాయననే చెప్పమను. నువ్వు పక్కనుండి విను, తప్పు చెప్తే పట్టు."

అక్క కండ్లద్దాలు పెట్టుకొని చదువుకుంట చెప్పింది, నేను తెలుగు చేసుకుంట పోయిన. ఎప్పుడో ఎనుకటికి, వంశానికి మూలపురుషుడు ఒక సేనాపతి. ఆయన ఇంటిపేరు మా కాదు, వేరేది. లడాయి గెలిస్తే రాజు మెచ్చి ఒక జాగిచ్చిండు, దాంతోటి ఒక బిరుదు. దానికి అర్థం, గుర్రాన్ని లొంగదీసేటోడు. మనుమలకు అంత పొడుగు పేరు రాసుడు బరువై, గుర్రం ఉంచుకొని లొంగదీసుడు ఇడిసిపెట్టిన్రు. అట్ల మా అయింది. ఉత్తరాన ఒక లోయల ఉండెటోళ్ళు, లడాయిలకు కొందరు, కరువులకు కొందరు, దక్షిణానికి జరిగిన్రు. ఆఖరుకు ఒక పెద్ద నది పక్కన ఊరు కట్టుకున్నరు. ఏడాదికోసారి నది ఊర్లెకొచ్చేది, వీళ్ళు మిట్టెక్కేది, మళ్ళ దిగేది.

"ఒక్కకాడ కుదురుగుండరా మీరు," అన్నది అవ్వ డాక్టరుతోని, మందలిచ్చినట్టు.

పొలాలు మునిగి మునిగి, మునగని పని ఒకటి కావాలెనని పండ్లు కట్టుడు నేర్చుకున్నరట. నోరున్నకాడల్ల పనుంటది. అట్ల ఊర్లు తిరుగుకుంట సముద్రం దాటి కలకత్తల తేలిన్రు.

గింతల కింద దవాఖానకు ఎవలో దవడ పట్టుకొని మొత్తుకుంట వచ్చిన్రు. డాక్టరు, బిడ్డ ఇద్దరూ దిగిపోయిన్రు. పైన అవ్వ, నేను, నా చేతుల ఫోన్ల అక్క.

అవ్వ జర ముందుకు వంగింది. "ఒక్క మాట అడుగు. పడమర దిక్కుకెల్లి ఒకాయన గుర్రమెక్కి, అలిగి వచ్చిండని ఏమన్న రాసున్నదా? వచ్చి వాళ్ళల్ల కలిసిండని?"

అడిగిన. అక్క పేజీలు తిప్పింది. చాన సేపు తిప్పింది.

"ఎవ్వలు రాలేదట అవ్వా," అన్న. "ప్రతి పేజీ చూసిందట."

అవ్వ కొంగుతోని మూతి తుడుచుకున్నది. "మరి ఆ ముసలోడు ఏడికి పోయిండో," అన్నది. అప్పుడు నాకు కూడ పాణం జర ఎట్లనో అయింది. దొరికిన చుట్టాన్ని నేను మళ్ళ పోగొట్టినట్టే గద.

డాక్టరు పైకొచ్చేసరికి అవ్వ తీర్పు చెప్పింది. "మీ పెద్దమనిషి గుర్రాన్ని లొంగదీసిండు. మా ముసలోన్ని గుర్రమే లొంగదీసి కొంచపోయింది. మీరు మేము ఒక్కటెట్లైతం? చీర మళ్ళ కొన. అదే కోడలి చీర అనుకో."

పెండ్లయింది. శుభలేఖల 'మా వారి కుమార్తె' అని అచ్చయింది. అది చదివినోళ్ళందరు, అయ్యో, మీ ఆయన ఇంత పెద్ద బిడ్డను పెట్టుకొని ఇన్నొద్దులు నీకు చెప్పలేదా అని డాక్టరు భార్యను ఓదార్చిన్రు.

ఇంక ఒప్పుకునేది ఒకటున్నది. ఆనాడు అక్క మాటలు తెలుగు చేసుకుంట నేను కల్పించింది ఒక్కటే ఒక్క మాట. అక్క ప్రతి పేజీ చూడలే. ఆమె హిందీల అన్నది ఇది: "భాయ్ సాబ్, ఆ కాలం పేజీలు రెండు చెదలు తిన్నయి. ఎవలన్న వచ్చిన్రో రాలేదో నేను చెప్పలేను." దాన్ని తెలుగు చేసేటప్పుడు నేను జర కురచ చేసిన. ఒకవేళ ఆ ముసలోడు నిజంగనే ఆడ దిగి, ఎవలింట్లనో తునకల కూర తిని, అక్కడోడే అయిపోయుంటే, ఈ పెండ్లి పాపం సగం నాది. సగం చెదలది.