ఎర్త్ గోతి పక్కన కొబ్బరి మొక్క

ఎండాకాలం సాయంత్రాల్లో షెడ్డు వెనకనున్న కరెంటు ఎర్త్ గోతిలో బకెట్టు నీళ్ళు పోస్తే, ఉప్పూ బొగ్గూ తడిసిన వాసన లేస్తుంది. గొప్ప వాసనేం కాదు. అయినా కాసేపు అక్కడే నిలబడతాను. ఆ వాసన తగిలితే చాలు, పక్కింటి గోడ మీదుగా ఎస్తేరు టీచరు గారు ఇంకా చూస్తున్నట్టే ఉంటుంది నాకు.

ఆవిడ అనకాపల్లిలో ఐటీఐ పిల్లలకి ఎలక్ట్రీషియన్ పని నేర్పి రిటైరైన మనిషి. తెల్లచీర, మెడలో చిన్న సిలువ, చేతిసంచిలో బైబిలుతో పాటు టెస్టరు. చర్చిలో పాస్టరు గారు మైకు పట్టుకునే ముందు ఆవిడ దాన్ని టెస్టరుతో ముట్టి చూసేవారు. వీధిలో అందరం నవ్వుకునేవాళ్ళం.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి నేను విశాఖపట్నంలో ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి, ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న సీఎన్‌సీ యంత్రం బిగించుకున్నాను. కంప్యూటరులో గీసిన పువ్వుని చెక్క మీద తనంతట తానే చెక్కే యంత్రం అది. మొదటి పనిగా సబ్బవరంలో కడుతున్న ఇంటికి టేకు సింహద్వారం ఒప్పుకున్నాను. అది బాగా వస్తే నలుగురూ వస్తారు, పాడైతే మళ్ళీ ఫ్యాక్టరీ గేట్ల దగ్గర నిలబడాలి. ముందు వేరే చెక్క మీద పెట్టి చూస్తే, పువ్వు సగంలో ఉండగా యంత్రం దారి తప్పి అడ్డంగా గీత లాగేసేది. ఒకరోజు మా ఆవిడ తడిచేత్తో టీ గ్లాసు పెట్టి, యంత్రం అంచు పట్టుకుని చటుక్కున చెయ్యి లాక్కుంది. చీమ కుట్టినట్టుందంది. స్విచ్చి ఆపేసి, ఆ మాత్రం దానికేముందిలే అన్నాను. ఆ మాట గోడ అవతలికి వినబడింది.

టీచరు గారు చెప్పులేసుకుని వచ్చేశారు.

"ఎర్త్ ఎక్కడ కట్టేవు బాబూ?"

"కుళాయి గొట్టానికండి."

"తవ్వి చూసేవా?"

మా వీధిలో అందరం కుళాయికే కట్టేవాళ్ళం. తవ్వితే జానెడు ఇనుము, దాని కింద తెల్లటి ప్లాస్టిక్ గొట్టం. పాత గొట్టం తుప్పు పట్టిందని అంతకు ముందు ఏడే మార్పించి, పైన వంపు మాత్రం పాతదే ఉంచేశాం. యంత్రం నుంచి వచ్చిన ఆకుపచ్చ తీగ ఎక్కడికీ వెళ్ళడం లేదు. కరెంటు యంత్రం ఒంటికి పాకితే, నేలలోకి దిగడానికి దానికి మనిషే దారి.

ఆవిడ వంగి ఆ తెల్ల గొట్టాన్ని వేలితో తట్టారు. తర్వాత మెల్లగా అన్నారు.

"మా ఆయన పోయిన మోటరుకీ ఇలాగే కట్టేరు. తీగ ఉంది బాబూ, నేల లేదు."

ఎస్. రాయవరం దగ్గర చెరుకు తోటలో బోరు మోటరు ముట్టుకుని ఆయన పోయాడనీ, అప్పటిదాకా ఇంట్లో బట్టలు కుట్టుకునే ఆవిడ ఆ తర్వాతే మగపిల్లల మధ్య కూర్చుని ఈ పని నేర్చుకున్నారనీ మాకు ఆ రోజే తెలిసింది. నాకింక నవ్వు రాలేదు.

ఎర్త్‌కి వేరే గొయ్యి తవ్వాలన్నారు టీచరు గారు, అది పూర్తయ్యేదాకా స్విచ్చి ముట్టనివ్వలేదు. తలుపు ఆలస్యమైపోతోందని నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చుని, నిలువులోతు గొయ్యి తవ్వించి, ఇనప గొట్టం దింపించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలుగా వేయించారు. యంత్రం ఒళ్ళు, మోటరు, పొట్టు లాగే ఫ్యాను, కంప్యూటరు, అన్నిటి తీగలూ గోతిలోకి దిగే ఒకే రాగి పట్టీకి రప్పించారు. ఎర్త్ సరిగ్గా లేకపోతే మోటర్ల కరెంటు అలజడికే యంత్రం దారి తప్పుతుందన్నారు. ఇంటి బోర్డుకీ అదే ఎర్త్. కరెంటు కారితే దానంతటదే పడిపోయే బ్రేకరు కూడా పెట్టించారు. చివరికి గోతి పక్కన కొబ్బరి మొక్క నాటమన్నారు. కొబ్బరికి ఉప్పు పడుతుందని మా వైపు అందరికీ తెలిసిందే.

"నేల ఎండిపోతే ఎర్త్ పనిచెయ్యదు. గొట్టానికి నీళ్ళు పొయ్యడం నువ్వు మర్చిపోతావు. మొక్కకైతే మీ ఆవిడ మర్చిపోదు."

తలుపు మీద పువ్వులు గీత తప్పకుండా వచ్చాయి. అది చూసి మరో తలుపు, ఆ తర్వాత ఇంకొకటి వచ్చాయి. టీచరు గారు మాత్రం రోజూ సాయంత్రం గోడ మీదుగా ఒకటే అడిగేవారు, నీళ్ళు పోసేవా అని. పని తొందరలో విసుక్కుంటూ జవాబిచ్చిన రోజులూ ఉన్నాయి. ఒక వేసవిలో ఆ గొంతు ఆగిపోయింది. ఇప్పుడా ఇంట్లో వేరెవరో ఉంటున్నారు, గోడ కూడా ఎత్తు పెంచారు. ఆ ఒక్క ప్రశ్న మళ్ళీ ఎవరైనా అడిగితే బాగుండునని ఇన్నేళ్ళకీ అనిపిస్తుంది.

కొబ్బరి చెట్టు రేకులు దాటి పెరిగింది. దానికిప్పుడు నా నీళ్ళతో పనిలేదు, గోతికే ఉంది. మా ఆవిడ ఇప్పటికీ తడిచేత్తోనే టీ తెస్తుంది. గ్లాసు పెట్టి, తిరుగుతున్న యంత్రం అంచు మీద చెయ్యి ఆనించుకుని కబుర్లు చెబుతుంది. నేను ఆ చేతినే చూస్తూ వింటాను. తను లోపలికి వెళ్ళాక షెడ్డు వెనక్కి వెళ్ళి బకెట్టు వంచుతాను. నీళ్ళు ఇంకేదాకా ఉండి, గోడవైపు తిరిగి చెబుతాను.

"పోసేను టీచరు గారూ."